ఎడ్లు వెనకున్న బండి

మొన్నటి వానలకు మా వంటింటి తలుపు కీళ్లు తుప్పుపట్టి బిగుసుకుపోతే, వచ్చిన వడ్రంగి తన సంచిలోంచి అరచేతంత సీసా తీసి నాలుగు చుక్కలు వేశాడు. కిరోసిన్. రేషన్ దుకాణాల్లో అది కనపడక ఎన్నేళ్లయిందో, నీకెక్కడ దొరికిందయ్యా అంటే నవ్వి ఊరుకున్నాడు. తలుపు తెరుచుకుంది, అతను వెళ్లిపోయాడు, నేను మాత్రం పొయ్యి మీద పప్పు మాడేదాకా ఆ తలుపు దగ్గరే నిలబడ్డాను. మా వయసు వాళ్లకు ఆ వాసన తగిలితే కందిలి దీపమో పంపు స్టవ్వో గుర్తుకు రావాలి. నాకు కారు గుర్తుకొస్తుంది. మా ఇంట్లో దీపం తాగిన కిరోసిన్ కంటే ఆ కారు తాగిందే ఎక్కువ. అదీ నడవటానికి కాదు, ఒళ్లు కడుక్కోవటానికి.

నేను పెరిగింది వరంగల్‌లో, బట్టల మిల్లు వెనక వాడలో. మా బాపు, అంటే మా నాన్న సమ్మయ్య, ఆ మిల్లులో ఫిట్టరు. దారం తీసే యంత్రాలకు ఏ రోగమొచ్చినా ఆయనే వైద్యుడు. పొద్దున మిల్లు కూత కూయగానే చద్దన్నం తిని వెళ్లి, సాయంత్రం కనుబొమల మీద దూది నూగు పరుచుకుని వచ్చేవాడు. నేను ఆయన ఒళ్లో కూచుని ఆ నూగు ఏరుతుంటే మిల్లులో ఆ రోజు ఏ యంత్రం మొరాయించిందో, దాన్ని ఎట్లా బుజ్జగించాడో కథలు కథలుగా చెప్పేవాడు. తరవాత మిల్లు మూతపడింది. నేనప్పుడు ఐదో తరగతి. మా వాడలో కొందరు తాగారు, కొందరు తిట్టారు, కొందరు సూరత్ వెళ్లారు. మా బాపు ఈ మూడింట్లో ఏదీ చేయలేదు, మాట్లాడటం మానేశాడు, అంతే. గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నానికి లే అంటే లేచేవాడు, పడుకో అంటే పడుకునేవాడు. ఇల్లు అమ్మ కుట్టుమిషను మీద నడిచింది. ఆ మిషను ఆగితే ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఉందో తెలిసిపోతుందని కాబోలు, అమ్మ దాన్ని ఆపేది కాదు.

బాపు తల్లిని మేం బాపమ్మ అనేవాళ్లం. ఆమెకు ఆయాసం. ముప్పై ఏళ్లు మిర్చి మార్కెట్లో కూచుని తెల్లబారిన తాలుకాయలు ఏరిన ఫలం. ఆమెను బాపు హనుమకొండ సుబేదారిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాడు. మందులకంటే ఆయన మాటలకే సగం ఆయాసం తగ్గేదనేది బాపమ్మ. ఒకరోజు నేనూ వెంటపడ్డాను. డాక్టరు గారి ఇంటి వెనక రేకుల షెడ్డులో, కోళ్ల పెంట కింద, ఒక పొట్టి కారు ఉంది. ఆయన లండన్లో చదువుకుని వస్తూ ఓడ మీద తెచ్చుకున్నదట. దాని పేరుకు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. నా భుజం ఎత్తు కూడా లేదు, సీట్లు రెండే, తలదీపాలు రెండూ కళ్లు మూసుకున్నట్టు రేకులోకి ముడుచుకుని ఉన్నాయి. బాపు ఏం తోచిందో ముందు మూత లేపాడు. లోపల, తుప్పు తిన్న చిల్లిలోంచి దూరిందేమో, ఒక పెట్ట గుడ్ల మీద కూచుని మా వైపు కోపంగా చూసింది. ఇంజన్ లేదు.

"ఇంజిన్ ఎవలో ఎత్తుకపోయిండ్రు సార్," అన్నాడు బాపు.

డాక్టరు గారు పడీపడీ నవ్వి, "ముందర గాదు సమ్మయ్యా, సీట్ల ఎనుక చూడు," అన్నారు. నిజమే, సీట్లకూ వెనక చక్రాలకూ మధ్య ఇరుకులో ఇంజన్ అడ్డంగా దూరి పడుకుని ఉంది. బాపు వంగి చూశాడు, చెయ్యి పెట్టి తడిమాడు, మసి అంటిన వేళ్లు వాసన చూసుకున్నాడు. బాపమ్మ ముక్కు మీద వేలేసుకుని, "ఎనుకకు ఇంజినేంది కొడుకా, ఎడ్లను బండెనుక కట్టినట్టు?" అంది. బాపు నవ్వాడు. ఆయన నవ్వి నాలుగు నెలలైంది. డాక్టరు గారు ఆ నవ్వును చూశారో, లేక షెడ్డు తీసేసి గదులు కట్టాలనుకుంటున్నారో, "తీస్కపో. బండి నీదే. నడిస్తే నన్నొక్క చక్కరు ఎక్కియ్యి, గంతే," అన్నారు.

అది మా ఇంటికి వచ్చిన వైభోగం చెప్పాలి. మా మేనమామ యాకయ్యది పాలకుర్తి దగ్గర ఊరు. మార్కెట్లో మిర్చి బస్తాలు దించి ఖాళీగా వెళుతున్న ట్రాక్టరు తొట్టిలో ఎక్కించుకుని తెచ్చాడు. దించటానికి వచ్చిన పది మందీ, కారులోని కోడిపెట్టతో సహా, ఆ మిర్చి ఘాటుకు తుమ్ముతూనే దించారు. వాడంతా చూడ్డానికి వచ్చింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మా పక్కింటి ఆమె నాకు వినపడేలాగే అంది. నాకు కోపం వచ్చింది గాని, ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

మా వాకిట్లో జామచెట్టు పక్కన ఆ కారు మూడేళ్లు కదలకుండా ఉంది. ఎండాకాలం తాటాకుల పందిరి కింద బాపు ఎమరీ కాగితంతో తుప్పు గీకుతుంటే, అరుగు రెండో కొసన అమ్మ, బాపమ్మ మామిడికాయ ముక్కలు కొట్టి ఆరబోసేవాళ్లు. గ్రీసు చేతులతో తొక్కు జాడీకి మూరెడు దూరం దాటి వస్తే బాపమ్మ గరిటె విసిరేది. వానాకాలం పట్టా కప్పితే దాని కింద కారు, బాపు, నేను, పక్కింటి మేక ఉండేవాళ్లం, పట్టా మీద చినుకుల చప్పుడు వింటూ వేయించిన మొక్కజొన్న గింజలు నములుతూ. చలికాలం బాపమ్మ కుంపటి ముందు కూచుని తడిగుడ్డ మీద సకినాలు చుడుతుంటే, బాపు ఆమె వేళ్లనే చూసి చూసి, రాగి గొట్టాన్ని ఇసుక నింపి అట్లాగే నొక్కు పడకుండా వంచాడు. సెలవురోజుల్లో కారు మాది. తలుపులు లేని, సీట్లు లేని ఆ పెంకులో తొమ్మిది మందిమి కూచుని హైదరాబాదు వెళ్లొచ్చేవాళ్లం. డ్రైవర్ని నేనే, ఎందుకంటే కారు మా ఇంట్లో ఉంది, ఇష్టం లేనివాళ్లు జనగామలో దిగిపోవచ్చు.

దానికి విడి సామాన్లు హనుమకొండలో కాదు కదా హైదరాబాదులోనూ దొరకవు. బాపు పాత చెప్పుల తోలుతో వాషర్లు కోశాడు, ఆటోల తీగలు తెచ్చి బ్రేకులకు వేశాడు, ఒక్కొక్క మరను గిన్నెడు కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత పళ్లపుల్లలతో రుద్దాడు. విప్పిన వాటిని ఎట్లా గుర్తుపెట్టుకోవాలన్నది పెద్ద సమస్య. కాగితం మీద రాస్తే గ్రీసుకు తడిసిపోతుంది. ఆ ఉపాయం అమ్మది. ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లు చీటీ ఇవ్వరు. ఎవరి గుడ్డ ఎవరిదో ముక్కకు ముక్క మూటగట్టి గుర్తుపెట్టుకోవటమే అలవాటు. అట్లాగే మిగిలిన జాకెట్టు ముక్కలతో చిన్న సంచులు కుట్టింది. పచ్చది బ్రేకులది, పసుపుది కార్బొరేటరుది, ఎర్రది ఇంజన్ తలకాయది, నీలంది గేర్లది. పదకొండు రంగుల సంచులు దండెం మీద వరసగా వేలాడేవి. ఇంజన్ ఇంకా బిగించనేలేదు, అమ్మ అప్పుడే సీట్లకు రెగ్జిన్ కత్తిరించి, జాకెట్టుకు పెట్టినట్టే చంకల దగ్గర మడతలు పెట్టి కుట్టేసింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని వాడంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు. పొద్దున లేచి పళ్లు తోముకుంటూ యంత్రం సంగతి మాట్లాడే మనిషి మళ్లీ మా ఇంట్లోకి వచ్చాడు. కారు నడిచేదీ లేనిదీ నాకు పట్టలేదు. అది నడవకపోతే ఈ మనిషి మళ్లీ గోడవైపు తిరుగుతాడేమోనన్న భయం మాత్రం నాకూ, అమ్మకూ, బాపమ్మకూ సమానంగా ఉండేది.

ఆ భయం మూడో ఏడు దసరాకు నిజమైంది.

మిల్లు ఉన్న రోజుల్లో దసరా అంటే బాపుకు పెద్ద గౌరవం. ఆ రోజు పానాలు, సుత్తెలు కడిగి, యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాక ఒక రోజంతా వాటిని ముట్టరు. కొబ్బరికాయ కొట్టేది మా బాపే. మిల్లు పోయాక రెండు దసరాలు ఆయన పూజ మాటెత్తలేదు. బాపమ్మకు అది ముల్లులా గుచ్చుకుంది. కొడుకు పనిచేస్తున్నాడంటే పనిముట్లకు పూజ జరగాలి, లేకపోతే అది పనే కాదు. ఆ దసరా పొద్దున బాపు మాంసం దుకాణంలో యాటకూర తేవటానికి, జమ్మి ఆకు తేవటానికి బయటికి వెళ్లాడు. అమ్మ దారపు రీళ్లు పరిచి కూచుంది, పండగ జాకెట్లు ఇంకా రెండు మిగిలాయని. నేను బతుకమ్మ ఆటల్లో తొమ్మిది రోజులు తిరిగి తిరిగి కాళ్లు పీకి నిద్రపోతున్నాను. బాపమ్మ దండెం మీది సంచులన్నీ విప్పింది. అందులోని మరలు, బోల్టులు, స్ప్రింగులు, పళ్లచక్రాలు చింతపండు, బూడిద పెట్టి రాగిచెంబులు తోమినట్టు తోమింది. పెద్ద ఇత్తడి తాంబాళంలో అన్నీ గుట్టగా పెట్టి, పసుపు చల్లి, కుంకుమ బొట్లు పెట్టి, పైన గుమ్మడిపూవులో పసుపు గౌరమ్మను నిలిపింది. సంచులు కూడా మురికిగా ఉన్నాయని ఉతికి ఆరేసింది.

బాపు వచ్చి ఆ తాంబాళాన్ని చూశాడు. దండెం మీద గాలికి ఊగుతున్న ఖాళీ సంచులను చూశాడు. బాపమ్మ ముఖం వెలిగిపోతోంది, కొబ్బరికాయ చేతికిచ్చింది. ఆయన కొట్టాడు. కొట్టి, తాంబాళం మీద గోనెసంచి కప్పి, మెల్లగా మంచం కిందికి తోసి, ఆ మంచం మీదే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చూడ్డానికి ఒకే తీరుగా ఉండే బోల్టుల పొడవులో గోరంత తేడా ఉంటుంది. ఒకటి స్థానం మారితే ఇంజన్ తలకాయ పగిలిపోతుంది. ఇది మాకు అమ్మ చెప్పింది, బాపు చెప్పలేదు. ఆయన ఏమీ చెప్పలేదు. ఒక్క మాట తిట్టినా బాపమ్మ ఎదురు తిట్టి బతికిపోయేది. ఆయన తిట్టకపోయేసరికి ఆమె కూడా నోరు మూసుకుంది. వంటింటి మూల పీట మీద కూచుని, తప్పు చేసిన పిల్లలా గోళ్లు గిల్లుకునేది. ఇరవై రోజులు మా ఇంట్లో కుట్టుమిషను ఒక్కటే మాట్లాడింది. నేను బడి నుంచి రాగానే ముందు మంచం వైపు చూసేదాన్ని. వీపే కనపడేది.

దీపావళికి మా ఇంట్లో నోము ఉంటుంది. నోముకు తాంబాళం కావాలి. ఉన్నది అదొక్కటే. అమ్మ ఓపిక పట్టి పట్టి, నోముకు ముందురోజు మంచం కిందినుంచి దాన్ని లాగి, అందులో ఉన్నదంతా బకెట్లో కుమ్మరించబోయింది.

"ఆగు," అని వంటింట్లోంచి బాపమ్మ అరిచింది. ఆయాసం మనిషి అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు. "ఆగు లలితా. కుమ్మరియ్యకు. కలుస్తయి."

"ఇంక కలిసేదేమున్నదత్తమ్మా, అన్ని కలిసే ఉన్నయి గద," అంది అమ్మ.

"ఎవలు చెప్పిండ్రు?" బాపమ్మ వచ్చి తాంబాళం ముందు చతికిలబడింది. "కుప్ప వోసుడు తాలుకాయకు. పూజకు ఎవలన్న కుప్ప వోస్తరా? నేను పేర్చిన."

మంచం మీద వీపు కదిలింది. బాపు లేచి కూచున్నాడు. బాపమ్మ గౌరమ్మను తీసి పక్కన పెట్టి, ఎండి పెళుసెక్కిన గుమ్మడాకు ఒకటి పైకెత్తింది. దాని కింద గుండ్రంగా, వరసగా, సన్న సన్న మరలు. మళ్లీ ఒక ఆకు, దాని కింద ఇంకో వరస. బతుకమ్మను పేర్చినట్టే పేర్చింది. అడుగున వెడల్పాటి తంగేడు, ఆ పైన గునుగు, పైకి పోయే కొద్దీ సన్నపూలు వచ్చినట్టు, పెద్దవి ఉన్న సంచి అడుగుకు, చిన్నవి ఉన్న సంచి పైకి. ఒక సంచికి ఒక వరస, వరసకూ వరసకూ మధ్య ఆకు. తొమ్మిది రోజులుగా పూలు పేర్చిన చేతులకు వేరే తీరు ఎట్లా వస్తుంది?

"ఇది పసుపు సంచిది. ఇది పచ్చదాంది. ఇగో, అడుగున ఉన్నయన్ని నీలందానియి," అంటూ ఆమె ఒక్కొక్క వరస తీసి ఇస్తుంటే, అమ్మ ఒక్కొక్క సంచి తెచ్చి పట్టింది. మార్కెట్లో లక్షల కాయల్లోంచి తాలుకాయను చూపు తిప్పకుండా ఏరిన మనిషి, పదకొండు సంచులు మరిచిపోతుందా?

"గా మాట మొదలే చెప్పొద్దా అవ్వా?" అన్నాడు బాపు. ఇరవై రోజులుగా వాడక గొంతు బొంగురుపోయింది.

బాపమ్మ ఆయన వైపు చూడకుండానే, "నువ్వడిగినవా కొడుకా?" అంది.

బాపు మంచం దిగి వచ్చి తల్లి పక్కన కూచున్నాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అప్పుడు తెలియదు గాని, ఇప్పుడు తెలుసు. ఇరవై రోజులు మంచం కింద అన్నీ వరసలోనే ఉన్నాయి, మంచం మీద మనిషి అన్నీ చెదిరిపోయాయనుకుని పడుకున్నాడు.

అప్పటినుంచి బాపు అడగటం మొదలుపెట్టాడు. ఎంతగా అంటే మాకు విసుగొచ్చేంతగా. కారు రంగు ఎట్లా ఉండాలని నన్నడిగాడు, చిలకపచ్చ అన్నాను, వేశాడు. సంక్రాంతి దాటాక ఇంజన్ స్టార్టయింది, జామచెట్టు మీది పిట్టలన్నీ లేచిపోయాయి, కాని కాసేపటికే నీళ్లు సలసల మరిగి ఆవిరి చిమ్మింది. రెండుసార్లు, మూడుసార్లు, పదిసార్లు అట్లాగే. మునుపటి బాపు అయితే గోడవైపు తిరిగేవాడు. ఈసారి దారిన పోయే ప్రతివాణ్ణీ పిలిచి అడిగాడు, పాలవాణ్ణి కూడా. చివరికి మార్కెట్టుకు మిర్చి తెచ్చిన యాకయ్య మామ, ముందున్న రేడియేటరు నుంచి వెనకున్న ఇంజన్ దాకా కారు కడుపు కింద పాకిన పొడుగాటి నీళ్ల గొట్టాన్ని చూసి, చుట్ట నోట్లోనే ఉంచుకుని తేల్చేశాడు.

"పైపుకు గాలి వట్టింది బావా. మా బాయికాడ మోటరుకు గిట్లనే అయితది. మూతి లేపి పెట్టు, గాలి పైకచ్చి పోతది."

నలుగురు పట్టి కారు ముక్కును ఎత్తి రెండు బస్తాల ఎత్తున నిలిపారు. మూత తీసి నీళ్లు పోస్తుంటే, బుడబుడమని గాలి ఎంతసేపు వచ్చిందో. ఆ తరవాత ఆ ఇంజన్ ఎన్నడూ మరగలేదు.

మాట ప్రకారం డాక్టరు గారిని ఎక్కించాలి. ఉన్నవి రెండు సీట్లే కదా, సుబేదారి దాకా పక్కన ఎవరన్న ప్రశ్న వచ్చింది. బాపు ఎవర్నీ అడగకుండా తేల్చిన విషయం అదొక్కటే. బాపమ్మ పట్టుచీర కట్టుకుని, గుడి మెట్ల దగ్గర విప్పినట్టు చెప్పులు కారు బయట విప్పి, లోపల కూచుని కళ్లు మూసుకుంది. నేనూ అమ్మా ఆటోలో వెంట వెళ్లాం. బాపు ఎంత నెమ్మదిగా నడిపాడంటే, మా ఆటోవాడు మాటిమాటికీ ఆగి వాళ్లకోసం ఎదురుచూశాడు. సుబేదారిలో దిగాక గాని తెలియలేదు, చెప్పులు మా వాకిట్లోనే ఉండిపోయాయని. ఆ మాఘమాసపు ఎండలో ఉత్త కాళ్లతో నిలబడి, మహారాణిలా, "ఎక్కు సారూ. భయమేం లేదు," అని డాక్టరు గారికి చోటిచ్చింది. ఆయన ఎక్కారు. ఒక చక్కరు కొట్టి వచ్చి దిగకుండా అట్లాగే కూచున్నారు. చేతిరుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుని, "ఇంకోటి కొడదామా సమ్మయ్యా," అన్నారు. నాలుగు కొట్టారు.

ఆ సంగతి చేరాల్సినచోటికల్లా చేరింది. అంత విచిత్రపు బండినే నడిపించినవాడు మా మోటరును చూడలేడా అని జనం వచ్చారు; మా వాకిలి నీళ్ల పంపులతో, స్కూటర్లతో, ఒకసారైతే పెళ్లి బ్యాండువాళ్ల జనరేటరుతో నిండిపోయింది. మోకాళ్లు మొరాయించేదాకా బాపు అక్కడే పనిచేశాడు.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, అక్కడ మూడంతస్తుల మేడ ఉంది. జామచెట్టును ఎప్పుడు కొట్టేశారో కూడా నాకు తెలియదు. మిల్లు కూత నా చెవుల్లో తప్ప ఎక్కడా లేదు. బాపమ్మ పోయి చాలా ఏళ్లయింది, డాక్టరు గారూ పోయారు. కారును పాతబండ్లు ప్రేమగా దాచుకునే ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి తీసుకెళ్లాడు. ఇచ్చేటప్పుడు బాపు బాధపడతాడని నేను సెలవు పెట్టి ఇంట్లో కూచుంటే, ఆయన ఆ వచ్చినాయన్నే తిరగేసి మరగేసి ప్రశ్నలడిగి, భోజనం పెట్టి పంపాడు. అమ్మా బాపూ ఇప్పుడు హనుమకొండలో మా అపార్ట్‌మెంటులోనే, నా దగ్గరే ఉంటున్నారు. తుప్పు గీకే మనుషులు, బోల్టును రాత్రంతా నానబెట్టే ఓపిక, వరసకూ వరసకూ మధ్య ఆకు పెట్టే చేతులు ఎటు పోయాయో అని నాకప్పుడప్పుడు బెంగగా ఉంటుంది. బాపుకు అట్లాంటి బెంగలేమీ లేవు.

వడ్రంగి వచ్చిన రోజు సాయంత్రం అన్నానికి పిలుద్దామని కిందికి దిగాను. పార్కింగులో పై అంతస్తు కుర్రాడు కొత్తగా కొన్న కరెంటు కారు పక్కన, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని, బాపు కూచుని ఉన్నాడు. "అయితే బిడ్డా, వానల తడిస్తే దీనికేం గాదా?" అని అడుగుతున్నాడు. ఆ కుర్రాడు ఓపిగ్గా చెబుతున్నాడు. అది అయ్యాక ఇంకోటి, ఆ తరవాత ఇంకోటి. అన్నం చల్లారుతోందని పైనుంచి అమ్మ రెండుసార్లు కేకేసింది. బాపు వినిపించుకోలేదు, మాటల్లో పడిపోయాడు. నేనూ ఆయన్ను లేపలేదు.